పంట లేని 28 రోజులు

డిసెంబరు నెలలో మన పల్లెల్లో పొలాల వైపు వెళితే ఏం కనిపిస్తుంది? కర్నూలు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలల్లో శనగ చేలు పచ్చగా ఉంటాయి. ఒకచోట జొన్న, మరొకచోట మొక్కజొన్న, చెరువు కింద రెండో పంటకు వరి నారుమళ్లు ఉంటాయి. చలికాలం అంటే మన రైతుకు రబీ కాలం. చలికాలంలో పంటలు పండవని ఎవరైనా అంటే మనకు వింతగా తోస్తుంది.

కాని అలాంటి లోయ ఒకటి ఉంది. అక్కడ చలికాలం మొదటి రోజు పొద్దున తలుపు తీస్తే నేలంతా మంచు పరచుకుని ఉంటుంది. నిన్నటిదాకా కళకళలాడిన గుమ్మడి తీగలు ఎండిపోయి ఉంటాయి. ఇక 28 రోజులపాటు మామూలు విత్తనం ఏదీ ఆరుబయట మొలవదు. ఈ లోయ ఏ దేశపటంలోనూ కనిపించదు. ఇది ఉన్నది కంప్యూటర్ తెర మీద. దీని పేరు స్టార్‌డ్యూ వ్యాలీ.

అమెరికాకు చెందిన ఎరిక్ బరోన్ నాలుగేళ్లకు పైగా ఒక్కడే శ్రమించి ఈ ఆటను తయారుచేశాడు. బొమ్మలు, సంగీతం, కథ, ప్రోగ్రాము అన్నీ అతనివే. 1996లో జపానులో యసుహిరో వాడా రూపొందించిన హార్వెస్ట్ మూన్ అనే వ్యవసాయపు ఆట అతనికి స్ఫూర్తి. స్టార్‌డ్యూ వ్యాలీ 2016 ఫిబ్రవరి 26న విడుదలైంది. తాత వదిలి వెళ్లిన పాడుపడ్డ పొలాన్ని మనవడో మనవరాలో బాగుచేసుకోవడమే ఇందులోని కథ.

ఆట కొత్తగా ఆడేవాళ్లు చాలామంది చలికాలం రాగానే, ఇప్పుడు చేసేదేముంది అనుకుని రోజూ పొద్దున లేవగానే మళ్లీ పడుకుని 28 రోజులూ దాటించేస్తారు. లెక్క తెలిసినవాళ్లు మాత్రం ఏడాది మొత్తంలో ఎక్కువ లాభం చేసుకునేది ఈ నెలలోనే. ఎలాగో చూద్దాం.

లోయలో కాలం లెక్క

ఆటలో ఏడాదికి నాలుగు రుతువులు: వసంతం, వేసవి, శరత్తు, చలికాలం. ఒక్కొక్కటి 28 రోజులు. అంటే ఏడాదికి 112 రోజులే. ఒక రోజు ఉదయం 6 గంటలకు మొదలై రాత్రి 2 గంటలకు ముగుస్తుంది. మన గడియారంలో అది సుమారు 14 నిమిషాలు.

సమయంతోపాటు రైతుకు మరొక పరిమితి ఉంది. అది ఒంట్లో శక్తి. ఆరంభంలో రోజుకు 270 పాళ్ల శక్తి ఉంటుంది. ఒక మడికి నీళ్లు పోస్తే 2 పాళ్లు ఖర్చవుతుంది. వ్యవసాయంలో నైపుణ్యం ఒక్కొక్క మెట్టు పెరిగేకొద్దీ ఆ ఖర్చు 0.1 చొప్పున తగ్గుతుంది. రాయి కొట్టినా, చెట్టు నరికినా, నేల తవ్వినా శక్తి ఖర్చే. తింటేనో, పడుకుంటేనో ఆ శక్తి తిరిగి వస్తుంది. అందువల్ల ఈ ఆటలో అసలు ప్రశ్న ఒకటే: ఇవాళ్టి శక్తినీ, ఇవాళ్టి సమయాన్నీ దేని మీద పెట్టాలి?

పైరు ఎందుకు చనిపోతుంది?

ముందు ఒక సందేహం తీర్చుకుందాం. మన చలికాలంలో శనగ పండుతుంటే అక్కడ పైరు ఎందుకు పోతుంది?

కారణం సూర్యుడిలో ఉంది. ఎరిక్ బరోన్ ఉండే సియాటిల్ నగరం భూమధ్యరేఖకు ఉత్తరంగా 47 డిగ్రీలు దాటిన తర్వాత ఉంది. హైదరాబాదు 17 డిగ్రీల దగ్గర ఉంది. డిసెంబరు 21న హైదరాబాదులో పగలు సుమారు 11 గంటలు. సియాటిల్‌లో ఎనిమిదిన్నర గంటలు కూడా ఉండదు. పైగా ఆ రోజు మిట్టమధ్యాహ్నం హైదరాబాదులో సూర్యుడు దిగంతానికి 49 డిగ్రీల ఎత్తున ఉంటే, సియాటిల్‌లో 19 డిగ్రీల ఎత్తుకు మించడు. ఆ వేళ ఒక మీటరు కర్రను నిటారుగా పాతితే హైదరాబాదులో దాని నీడ మీటరుకు కొంచెం తక్కువగా ఉంటుంది. సియాటిల్‌లో దాదాపు మూడు మీటర్లు ఉంటుంది. నీడ సాగిందంటే వెలుతురు ఏటవాలుగా పడి, ఎక్కువ నేల మీద పలచగా పరచుకుందని అర్థం. మబ్బు లేని రోజున కూడా అక్కడి చదరపు మీటరు నేలకు మధ్యాహ్నం వేళ మనకు అందే వెలుతురులో సగం కూడా అందదు.

వెలుతురు తగ్గితే ఆకులో కిరణజన్య సంయోగక్రియ తగ్గుతుంది. చలి పెరిగితే కణాలలో రసాయన చర్యలను నడిపే ఎంజైములు మందగిస్తాయి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే ఈ చర్యల వేగం ఇంచుమించు సగానికి పడిపోతుంది. ఇక 0 డిగ్రీల కన్నా కిందికి పోతే అసలు ప్రమాదం. ఆకులో కణాల మధ్య ఉన్న నీరు మంచుగా మారి, కణం లోపలి నీటిని బయటికి లాగేస్తుంది. కణం ముడుచుకుపోయి, దాని పొర దెబ్బతింటుంది. టొమాటో, గుమ్మడి వంటి వెచ్చని దేశాల మొక్కలకు ఒక్క రాత్రి గట్టి మంచు చాలు. మర్నాడు ఎండ రాగానే ఆకులు ఉడికించినట్టు వాడిపోతాయి.

మన నేల మీద చలికాలం అంటే తగ్గిన ఎండ, చల్లని రాత్రులు మాత్రమే. ఆగే చలి కాదు. అందుకే శనగకు అది అనుకూల కాలం అయింది.

చలికాలం శరత్తులోనే మొదలవుతుంది

చలికాలాన్ని బాగా వాడుకోవాలంటే దానికి ముందే రెండు లెక్కలు వేసుకోవాలి.

మొదటిది విత్తే తేదీ. ఆటలో గుమ్మడి కాపుకు 13 రోజులు పడుతుంది. శరత్తు 28వ తేదీన రుతువు ముగుస్తుంది. 28లోంచి 13 తీసేస్తే 15. అంటే శరత్తు 15న విత్తి, ఒక్క రోజూ తప్పకుండా నీళ్లు పోస్తే చివరి రోజున కాయ కోసుకోవచ్చు. 16న విత్తితే విత్తనం ఖరీదూ, 13 రోజుల నీళ్లూ వృథా. నిజమైన రైతు కూడా ఇలాగే వెనక నుంచి లెక్కపెడతాడు. ఫలానా రోజుకు కోత కావాలంటే ఫలానా రోజుకు విత్తనం పడాలి.

రెండోది పశువుల మేత. చలికాలంలో గడ్డి పెరగదు. ఆవులు, కోళ్లు కొట్టం దాటి బయటికి రావు. తలకు రోజుకు ఒక మోపు ఎండుగడ్డి చొప్పున కావాలి. (మన ఇళ్లలో కోళ్లకు నూకలు వేస్తాం. ఆ లోయలో కోడి కూడా ఎండుగడ్డే తింటుంది!) మేత అందకపోతే పశువు బెంగపెట్టుకుంటుంది. పాలు, గుడ్లు ఆగిపోతాయి.

గడ్డి నిలవ చేసుకోవడానికి సైలో అనే పొడవాటి గాదె కట్టించుకోవాలి. దానికి 100 నాణేలు, 100 రాళ్లు, 10 పాళ్లు బంకమన్ను, 5 రాగి కడ్డీలు కావాలి. అందులో 240 మోపులు పడతాయి. ఇప్పుడు 8 పశువులున్న రైతు లెక్క చూడండి. 8ని 28తో హెచ్చిస్తే 224. అంటే ఒక్క సైలో నిండా గడ్డి ఉంటే చలికాలం గట్టెక్కినట్టే, ఇంకా 16 మోపులు మిగులుతాయి. అదే గడ్డిని కోసుకోకుండా చలికాలంలో అంగడిలో కొంటే మోపు 50 నాణేలు. 224 మోపులకు 11,200 నాణేలు! వేసవిలో కొడవలితో ఉచితంగా కోసుకోగలిగిన గడ్డికి ఇంత ఖర్చు. సైలో కట్టకముందు కోసిన గడ్డి దక్కదు కాబట్టి, పశువును కొనేముందే సైలో కట్టాలి.

చలికాలంలో మిగిలేది ఏమిటి?

ఇప్పుడు మంచు పడింది. పొలంలో పైరు లేదు. పైరు లేదు కాబట్టి నీళ్లు పోసే పని కూడా లేదు. ఇక్కడే కిటుకు ఉంది.

80 మడుల పొలం ఉన్న రైతునే తీసుకుందాం. ఆరంభంలో ఒక్కొక్క మడికి 2 చొప్పున రోజూ 160 పాళ్ల శక్తి నీళ్లు పోయడానికే పోతుంది. 270లో సగం కన్నా ఎక్కువ. వ్యవసాయంలో ఆరో మెట్టు చేరిన తర్వాత కూడా మడికి 1.4 చొప్పున 112 పాళ్లు పోతుంది. చలికాలంలో ఆ శక్తి అంతా చేతిలో మిగులుతుంది. ధనం రాకపోయినా శ్రమ మిగిలింది. ఆ మిగిలిన శ్రమను రాబోయే వసంతంలో శ్రమ తగ్గించే వస్తువులుగా మార్చుకోవాలి. చలికాలం రహస్యం ఇంతే. ఆర్థికశాస్త్రంలో దీనినే పెట్టుబడి అంటారు.

మొదటి పని, నీళ్లు పోసే క్యానును కమ్మరికి ఇవ్వడం. 2,000 నాణేలు, 5 రాగి కడ్డీలు ఇస్తే ఒకేసారి మూడు మడులను తడిపే క్యానుగా మార్చి ఇస్తాడు. అందుకు రెండు రోజులు పడుతుంది. వసంతంలో అయితే ఆ రెండు రోజులూ మడులు ఎండుతాయి, పైరు ఎదుగుదల ఆగుతుంది. చలికాలంలో క్యాను కమ్మరి దగ్గర ఎన్నాళ్లున్నా నష్టం లేదు. ఏ పనిముట్టును ఎప్పుడు బాగుచేయించాలి అంటే, దానితో పనిలేనప్పుడు అన్నమాట.

రెండో పని, గనిలోకి దిగడం. లోయకు ఉత్తరాన ఉన్న గనిలో 120 అంతస్తులున్నాయి. పై అంతస్తుల్లో రాగి, 40వ అంతస్తు నుంచి ఇనుము, 80వ అంతస్తు నుంచి బంగారం దొరుకుతాయి. పైన మంచు కురుస్తున్నా లోపల పనికి అడ్డులేదు. దీని వెనక నిజమైన శాస్త్రం కూడా ఉంది. భూమి లోపల కొన్ని మీటర్ల లోతున ఉష్ణోగ్రత ఏడాది పొడవునా దాదాపు ఒకేలా ఉంటుంది. చలికాలం పొద్దున్నే బావిలోంచి తోడిన నీళ్లు గోరువెచ్చగా తగలడానికి కారణం అదే.

ఈ లోహాలు దేనికి? స్ప్రింక్లర్లకు. ఇది రోజూ పొద్దున తనంతట తానే చుట్టూ ఉన్న మడులను తడిపే పరికరం. ఆరో మెట్టు చేరిన రైతు తయారుచేసే స్ప్రింక్లర్ చుట్టూ 8 మడులను తడుపుతుంది. ఒక్కొక్కదానికి ఒక ఇనుప కడ్డీ, ఒక బంగారు కడ్డీ, శుద్ధిచేసిన క్వార్ట్జ్ ముక్క ఒకటి కావాలి. ఒక కడ్డీ కావాలంటే 5 పాళ్లు ముడి ఖనిజం, ఒక బొగ్గు కొలిమిలో వేయాలి. క్వార్ట్జ్ శుద్ధికి కూడా ఒక బొగ్గు కావాలి.

80 మడులకు 10 స్ప్రింక్లర్లు. అంటే ముడి ఇనుము 50, ముడి బంగారం 50, క్వార్ట్జ్ 10, బొగ్గు 30. చలికాలంలో పట్టుగా గని పనిచేస్తే ఇది సాధ్యమే. మరి ఫలితం? వసంతంలో రోజుకు 112 పాళ్ల శక్తి మిగులుతుంది. వానరోజులను పక్కనపెడితే 28 రోజులకు 3,136 పాళ్లు. ఇది 11 రోజుల పూర్తి శక్తికి మించిన మొత్తం. ఇదంతా ఒక్క వసంతంలోనే. స్ప్రింక్లర్లు వేసవిలోనూ, శరత్తులోనూ పనిచేస్తూనే ఉంటాయి.

మంచులో నాటే మొక్క

మూడో పని చాలామందికి తట్టదు. అది పండ్లమొక్కలు నాటడం. ఆటలో చెర్రీ మొక్క చెట్టు కావడానికి 28 రోజులు పడుతుంది. పండ్లమొక్కలు చలికాలంలో కూడా పెరుగుతాయి. చెర్రీ కాసేది వసంతంలో మాత్రమే. చలికాలం మొదట్లో నాటితే వసంతం వచ్చేసరికి చెట్టు సిద్ధం. రోజుకొక పండు ఇస్తుంది. వసంతం వచ్చిన తర్వాత నాటితే? చెట్టయ్యేసరికి వేసవి వస్తుంది. మొదటి పండు కోసం మరుసటి ఏటి వసంతం దాకా ఆగాలి. నాటడంలో 28 రోజుల ఆలస్యం ఒక కాపునంతా మింగేస్తుంది.

చలి దేశాల తోటమాలులు నిజంగా కూడా ఆకు రాల్చి నిద్రావస్థలో ఉన్న పండ్లమొక్కలను, వేళ్లకు మట్టి లేకుండానే, చలికాలంలో నాటుతారు. అప్పుడు ఆకులు లేవు కాబట్టి నీరు ఆవిరైపోదు. వేరుకు కుదురుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. కొమ్మలు కత్తిరించే పని కూడా ఆ కాలంలోనే చేస్తారు.

ఇక ఆటలో చలికాలానికే పరిమితమైన ఫలసాయం కొంత ఉంది. మంచు మీద కుంకుమపువ్వు జాతి పూలు, స్ఫటికంలాంటి పండ్లు దొరుకుతాయి. నేల తవ్వితే దుంపలు దొరుకుతాయి. వాటితో విత్తనాలు తయారుచేసుకుని ఆరుబయటే 7 రోజుల్లో పండించవచ్చు. 2024 మార్చిలో వచ్చిన 1.6 కూర్పులో చలికి తట్టుకునే పౌడర్ మెలన్ అనే కాయను కూడా చేర్చారు. ఊరి సామూహిక భవనాన్ని బాగుచేయడంలో సాయపడినవారికి 120 మడుల గ్రీన్‌హౌస్ బహుమానంగా వస్తుంది. అందులో ఏ రుతువులో ఏ పంటైనా పండుతుంది. గాజు కప్పు గుండా వెలుతురు లోపలికి వచ్చి నేలను వేడిచేస్తుంది. వేడెక్కిన గాలి పైకి తేలి తప్పించుకుపోకుండా అదే గాజు ఆపుతుంది. ఎండలో అద్దాలు మూసి నిలిపిన బస్సు లోపల ఉడుకెత్తడం కూడా ఇలాంటిదే.

ఆట చెప్పని సంగతి

ఆటలో గోధుమ వేసవిలోనూ, శరత్తులోనూ పండుతుంది. మంచు పడగానే మిగతా పైర్లతోపాటు చనిపోతుంది. ప్రకృతిలో అన్ని రకాల గోధుమా ఇలా చనిపోదు. చలి దేశాల్లో శరత్తులో విత్తే గోధుమ రకాలున్నాయి. అవి మొలకెత్తి, చలి ముదిరేకొద్దీ కణాల్లో చక్కెరలను కూడబెట్టుకుంటాయి. ఉప్పు కలిపిన నీరు 0 డిగ్రీల దగ్గర గడ్డకట్టనట్టే, చక్కెర కలిసిన కణరసం కూడా త్వరగా గడ్డకట్టదు. పైన పడిన మంచు పొరలో గాలి నిండి ఉంటుంది. అది రగ్గులా మొక్కను కప్పి గాఢమైన చలి తగలకుండా కాపాడుతుంది.

ఇంకా విచిత్రం, కొన్ని వారాల చలి తగలకపోతే ఈ గోధుమ సరిగా వెన్ను తీయదు. చలికాలం దాటిపోయిందని తెలుసుకోవడానికి మొక్క పెట్టుకున్న గుర్తు అది. ఆపిల్ మొగ్గలకూ ఇలాంటి చలి అవసరం ఉంది. ఆపిల్ తోటలు ముఖ్యంగా కాశ్మీర్, హిమాచల్ ప్రదేశ్ కొండల్లో ఉండి, మన మైదానాల్లో విస్తరించకపోవడానికి ఇదొక కారణం.

మన చలికాలం ఏది?

మన పొలాలు పంట లేకుండా పడి ఉండే కాలం మనకూ ఉంది. అది వేసవి. అక్కడ చలి ఆపితే ఇక్కడ నీటి కొరత ఆపుతుంది. వానాధారపు చేలు ఏప్రిల్, మే నెలల్లో బీడుగా ఉంటాయి.

తెలిసిన రైతు ఆ రోజుల్లో ఊరికే కూర్చోడు. తొలి జల్లు పడగానే వేసవి దుక్కి దున్నుతాడు. పెళ్లలు తిరగబడి నేలలో దాగిన పురుగుల కోశాలు ఎండకు మాడతాయి, పక్షుల పాలవుతాయి. కలుపు వేళ్లు ఎండిపోతాయి. తర్వాత వచ్చే వాన నీరు పారిపోకుండా నేలలోకి ఇంకుతుంది. ఎండిన చెరువులోంచి పూడిక మట్టి పొలానికి తోలేదీ అప్పుడే. 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసి, ఆ మట్టిని రైతులు తమ పొలాలకు తోలుకున్నారు. గట్లు సవరించడం, పెంట తోలడం, నాగలి కర్రు సాన పట్టించడం అన్నీ ఆ నెలల పనులే.

ఇక మన సైలో గడ్డివామి. కోతలయ్యాక వేసిన వామి తొలకరి తర్వాత పచ్చిక వచ్చేదాకా పశువులను నిలబెట్టాలి. ఆటలో గడ్డి చాలకపోతే ఆవు పాలివ్వడం ఆపుతుంది, అంతే. నిజజీవితంలో కరువు ఏడాది వామి మధ్యలో అయిపోతే రైతు ఎద్దులను సంతకు తోలుకుపోయి, వచ్చిన ధరకు అమ్ముకోవలసి వస్తుంది. తొలకరి పడేసరికి దున్నడానికి కాడి ఉండదు. ఎద్దులను అద్దెకు తెచ్చుకోవాలి, దొరక్కపోతే అదను దాటిపోతుంది. మోపుల లెక్క తప్పినందుకు మరుసటి పంట దెబ్బతింటుంది. అందుకే పాత రైతులు వామి వేసినప్పుడే ఎన్ని పశువులు, ఎన్ని నెలలు అని లెక్క చూసుకునేవారు.

మీరే లెక్క కట్టండి

1. ఆటలో 12 పశువులున్న రైతుకు చలికాలానికి ఎన్ని మోపులు కావాలి? ఎన్ని సైలోలు కట్టాలి? ఒక్క సైలోతోనే సరిపెట్టుకుంటే ఎన్ని నాణేలు పెట్టి గడ్డి కొనాలి?

2. ఈ డిసెంబరు 21న మధ్యాహ్నం మీ బడి ఆవరణలో మీటరు కర్రను నిటారుగా పాతి, దాని అతిచిన్న నీడను కొలవండి. జూన్ 21న మబ్బు లేకపోతే మళ్లీ కొలవండి. రెండు నీడలకు ఎంత తేడా వచ్చింది?

3. మీ ఊళ్లో ఒక రైతును అడగండి: పోయిన వేసవిలో పొలం ఖాళీగా ఉన్న రోజులెన్ని? ఆ రోజుల్లో చేసిన పనుల్లో, వానాకాలంలో శ్రమ తగ్గించినవి ఏవి? జాబితా రాసి మీ సైన్సు మాష్టారికి చూపండి.